ఇంటిపేరులో ఊరెంత, రక్తమెంత?

సికింద్రాబాదు సెయింట్ మేరీస్ చర్చిని కట్టించినది డేనియల్ మర్ఫీ అనే ఐరిష్ ఫాదర్. 1850 నాటికి కట్టడం పూర్తయింది. ఆయన తరవాత ఇక్కడి కేథలిక్ సంఘం బాధ్యత మిలన్ నగరం నుంచి వచ్చిన ఇటలీ గురువుల చేతికి వెళ్ళింది. బార్బెరో, కాప్రోట్టి, విగానో, విస్మారా, బెరెట్టా: దాదాపు ఒక శతాబ్దం పాటు ఈ జంటనగరాల బిషప్పుల పేర్లు ఇవి. 1886లో హైదరాబాదు డయాసిస్ ఏర్పడినప్పుడు మొదటి బిషప్ పియెట్రో కాప్రోట్టి. విస్మారా 1909 నుంచి దాదాపు 40 ఏళ్ళు ఇక్కడే పనిచేశారు. అల్ఫోన్సో బెరెట్టా ఇక్కడి నుంచి వెళ్ళి వరంగల్ డయాసిస్‌కి మొదటి బిషప్ అయ్యారు.

ఈ పేర్లని కొంచెం విప్పి చూస్తే మనకి బాగా పరిచయమున్న లోకమే కనిపిస్తుంది. ఇటలీ భాషలో కాప్రా అంటే మేక. కాప్రోట్టి ఆ మాట నుంచే పుట్టింది. మన దగ్గర మేకలవారు ఎలాగో, అక్కడ కాప్రోట్టివారు అలాగ. విగానో అనేది మిలన్‌కి ఉత్తరాన, బ్రియాంజా ప్రాంతంలో ఉన్న ఒక చిన్న ఊరు. ఆ ఊరి పేరే ఇంటిపేరయింది. బెరెట్టా అంటే టోపీ. టోపీలు కుట్టే పూర్వీకుడో, ఎప్పుడూ టోపీ తీయని పూర్వీకుడో ఆ ఇంటికి ఆ పేరు తెచ్చిపెట్టి ఉంటాడు. మేకలు, ఊరు, టోపీ. ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చిన ఈ ముగ్గురి ఇంటిపేర్లూ మన ఊళ్ళో పుట్టి ఉంటే ఎవరికీ వింతగా తోచేవి కావు.

ఇటలీలో ఇంటిపేర్లు మధ్యయుగాల్లో మెల్లగా స్థిరపడ్డాయి. 1563లో ముగిసిన కేథలిక్ గురువుల ట్రెంట్ మహాసభ ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలకీ పెళ్ళిళ్ళకీ పుస్తకం పెట్టి రాయాలని శాసించింది. పుస్తకంలోకి ఎక్కిన పేరు ఇక తరాలు దాటింది. దేశంలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించే రోస్సి అనే ఇంటిపేరు ఎరుపుకి సంబంధించినది, ఎర్రజుట్టువాడో ఎర్రటిమనిషో దానికి మూలం. మనకి కారు పేరుగా తెలిసిన ఫెరారీ అంటే కమ్మరివారు. నేపుల్స్ నగరంలో లెక్కకి మిక్కిలిగా ఉండే ఎస్పోజిటో పేరు వెనక మాత్రం కన్నీళ్ళున్నాయి. అనాథాశ్రమం గోడలో తిరిగే చెక్కతొట్టి ఒకటి ఉండేది. కన్నవాళ్ళు రాత్రివేళ పసిబిడ్డని అందులో పెట్టి లోపలికి తిప్పేసి వెళ్ళిపోయేవారు. అలా వదిలేసిన బిడ్డకి పుస్తకంలో రాసిన పేరు ఎస్పోజిటో, అంటే బయట వదిలేయబడ్డవాడు. తరవాత ప్రభుత్వం ఆ అలవాటుని నిషేధించింది గాని, అప్పటికే ఆ పేరుతో వేల కుటుంబాలు తయారయ్యాయి. ఈనాడు నేపుల్స్‌లో ఇద్దరు ఎస్పోజిటోలు ఎదురుపడితే వాళ్ళ మధ్య చుట్టరికం ఉండాలని ఏమీ లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అక్కరకొస్తుంది.

ఇక మన పేర్ల సంగతి. తెలుగు ఇంటిపేర్లకి అతి పెద్ద గని ఊరు. కాకతీయుల కాలంనాటి పాల్కురికి సోమనాథుడి పేరులో పాలకుర్తి ఉంది. 15వ శతాబ్దపు పోతనగారి ఇంటిపేరైన బమ్మెర కూడా ఊరే. ఈ రెండూ ఇప్పటి జనగామ జిల్లాలో, ఒకే పాలకుర్తి మండలంలో, పక్కపక్కనే ఉన్నాయి. పోతన కాలంలోనే ఇటలీలో విన్చీ అనే చిన్న ఊరి పేరుతో లియొనార్డో డా విన్చీ పుట్టాడు. రెండుచోట్లా ఒకే ఆలోచన: ఈ మనిషి ఎవరు అంటే, ఫలానా ఊరివాడు.

ఆ 'ఫలానా ఊరి' అన్నదాన్ని తెలుగు వ్యాకరణం చాలా పొందికగా చేసుకుంది. ఊరు అన్నది ఊరి అవుతుంది, పాడు అన్నది పాటి అవుతుంది, ఇల్లు అన్నది ఇంటి అవుతుంది. వీటిని ఔపవిభక్తికాలంటారని చిన్నప్పుడు చదువుకున్నాం. టంగుటూరు నుంచి వచ్చినవాళ్ళు టంగుటూరివారు, కందుకూరు నుంచి వచ్చినవాళ్ళు కందుకూరివారు, వేమూరు నుంచి వచ్చినవాళ్ళు వేమూరివారు. ఓరుగల్లు నుంచి వచ్చినవాళ్ళు ఓరుగంటివారు. కోటలో దీపం పెట్టే దిక్కు లేకుండా పోయి ఏడువందల ఏళ్ళయినా, ఓరుగంటివారి ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరులోనూ ఆ నగరం ఉంది. ఆఖరికి నాయకుల పేర్లు కూడా ఇలాగే వచ్చాయి. నాయుడు అన్నమాట నాయని అయి, నోట నలిగి నేని అయింది. అక్కినేని, ఘట్టమనేని వంటి పేర్ల చివర ఉన్నది అదే.

ఇటలీ పేర్లలో కూడా చివర ఇకారం ఎక్కువగా వినిపిస్తుంది. కాప్రోట్టి, రోస్సి, గెలీలీ. కొందరు పండితులు అది లాటిన్‌లో 'వాని యొక్క' అనే విభక్తి మిగులు అంటారు, ఇంకొందరు 'వారు' అనే బహువచనం అంటారు. తెలుగుకీ లాటిన్‌కీ భాషాచుట్టరికం ఏమీ లేదు. కుటుంబాన్ని ఒక ఊరికో ఒక మనిషికో కట్టి చెప్పవలసి వచ్చినప్పుడు రెండు భాషలూ ఒకే పనికి ఒకే రకం పనిముట్టు వెతుక్కున్నాయి. ఖగోళశాస్త్రవేత్త గెలీలియో గెలీలీ వంశానికి పాత ఇంటిపేరు బోనయూటి. ఆ ఇంట్లో పుట్టి ఫ్లారెన్సులో పేరు మోసిన గెలీలియో అనే వైద్యుడి వల్ల వాళ్ళు గెలీలీలు అయ్యారు. అంటే ఆ శాస్త్రవేత్త ముందుపేరూ ఇంటిపేరూ రెండూ ఒకే పూర్వీకుడివి.

ఊరిపేరు ఇంటిపేరు కావాలంటే ఒక షరతు ఉంది. ఆ ఊరు వదిలి రావాలి. బమ్మెరలో ఉన్నంతకాలం ఎవరూ ఎవరినీ బమ్మెరవారు అనరు, అందరూ బమ్మెరవాళ్ళే కదా! పొరుగూరికి చేరినప్పుడు, రాజుగారి కొలువుకి వెళ్ళినప్పుడు, కరువుకి వలసపోయినప్పుడు ఆ పేరు అవసరమవుతుంది. అందుకే ఇలాంటి ఇంటిపేరు ఎక్కువగా కనిపించేది పుట్టిన ఊళ్ళో కాదు, దాని చుట్టుపక్కల. కొన్నిసార్లు చాలా దూరంలో. త్యాగయ్యగారు పుట్టింది తమిళదేశంలోని తిరువారూరులో, బతికింది తిరువయ్యారులో. ఆయన ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల ప్రకాశం ప్రాంతంలో ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తిరుత్తణిలో పుట్టినా సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోదే. ఎవరూ పూనుకుని రాయని వలస చరిత్ర ఇలా పేర్ల రూపంలో మిగిలిపోయింది. గ్రామనామాల మీద జీవితమంతా పనిచేసిన యార్లగడ్డ బాలగంగాధరరావుగారు ఇంటిపేర్ల వైపు కూడా వెళ్ళడం సహజం, ఒకటి తవ్వితే రెండోది బయటపడుతుంది.

ఊరు తరవాత వృత్తులు, వస్తువులు, జంతువులు, శరీరలక్షణాలు వస్తాయి. ఉప్పు, పప్పు, బెల్లం, నూనె, వంకాయల, చింతకాయల, పులి, నక్కా, కాకి. పొట్టి శ్రీరాములుగారి ఇంటిపేరుకి మూలపురుషుడు నిజంగా పొట్టివాడై ఉండవచ్చు. వీటిని విని నవ్వేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇవి ఎంతో విలువైనవి. ఏ శాసనంలోనూ చోటు దొరకని మామూలు మనుషుల అంగళ్ళూ అలవాట్లూ ఈ పేర్లలోనే బతికున్నాయి.

ఇంటిపేరు రాతిమీద చెక్కినది కాదు, ఒక్క తరంలోనే మారిపోవచ్చు. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావుగారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. స్వస్థలం బూర్గుల పేరు వాడుకలో ముందుకొచ్చి, పాతపేరు వెనకబడిపోయింది. బోనయూటివారు గెలీలీలు కావడం లాంటిదే ఇది కూడా.

కొందరికి మాత్రం తమ పేరు తాము నిలుపుకునే అవకాశం దొరకలేదు. తెలంగాణ సాయుధపోరాటంలో దొరకి ఎదురు నిలబడి గెలిచిన ఐలమ్మగారి ఇంటిపేరు చిట్యాల. అది ఊరిపేరే, పోతనగారి బమ్మెర లాంటిదే. కాని లోకానికి ఆమె చాకలి ఐలమ్మ. తెలంగాణ పల్లెల్లో కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి అన్న మాటలే ఇంటిపేర్లుగా బడిపుస్తకాల్లోకి ఎక్కిన కుటుంబాలు వేలున్నాయి. వాళ్ళకి ఇంటిపేర్లు లేక కాదు. రాసేవాడు ఇంటిపేరు అడగలేదు, కులం అడిగి రాసుకున్నాడు. దీన్ని తిరగరాసిన మనిషి ఒకరు మన నగరంలోనే ఉండేవారు. 1888లో మాదరి భాగయ్యగా పుట్టినాయన, దళితులే ఈ నేలకి తొలి ఏలికలని, రెడ్డి అన్నమాట రేడు నుంచి వచ్చిందని నమ్మిన కుటుంబ గురువు మాట మీద భాగ్యరెడ్డి అయ్యారు. తరవాత ఆర్యసమాజంవారు వర్మ అని చేర్చారు. ఆది హిందూ ఉద్యమాన్ని నడిపిన భాగ్యరెడ్డివర్మగారి పేరే ఒక వాదన. పేరు పెట్టే హక్కు ఎవరిది అన్న ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబు అది.

సికింద్రాబాదులో ఇంటిపేర్ల గొడవ మరీ ఎక్కువ. ఈ ఊరు 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న కంటోన్మెంటు. మద్రాసు ప్రెసిడెన్సీ పటాలాల వెంట మొదలియార్లూ పిళ్ళైలూ వచ్చారు, వ్యాపారానికి పార్శీలు వచ్చారు, రైల్వేకి ఆంగ్లోఇండియన్లు వచ్చారు. పార్క్‌లేన్‌లో కనిపించే చెనాయ్ అనే పార్శీ పేరులో చైనా వర్తకం ఉంది. ఇక పొడి అక్షరాల తిరకాసు చూడండి. ఒకే వరసలో రెండు ఇళ్ళ మీద బోర్డులుంటాయి. ఒకటి ఎస్.రాజన్, ఇంకొకటి ఎస్.రామారావు. రాజన్‌గారి ఎస్ తండ్రి పేరు, సుబ్రమణియన్ కావచ్చు. రామారావుగారి ఎస్ ఎప్పుడో వదిలి వచ్చిన ఊరు. తమిళుల అక్షరం ప్రతి తరానికీ మారిపోతుంది, తెలుగువారిది తరాలపాటు అలాగే ఉంటుంది.

అందులోనే మనకి ఒక నష్టం కూడా ఉంది. తెలుగువారిలో ముందుపేర్లు తక్కువ, ఇంటిపేర్లు ఎక్కువ. ఒక తరంలో ఏ ఆఫీసులో కేకేసినా నలుగురు వెంకటేశ్వరరావులు, అయిదుగురు శ్రీనివాసులు పలికేవారు. మనిషిని మనిషి నుంచి విడదీసేది ఇంటిపేరే. దాన్నే మనం ఒక్క అక్షరానికి కుదించుకున్నాం. సమాచారం లెక్కల్లో చూస్తే ఇది తలకిందుల పని: అందరికీ ఉన్న భాగాన్ని పూర్తిగా రాసి, ఒక్కరినే పట్టి ఇచ్చే భాగాన్ని చుక్కపెట్టి వదిలేస్తున్నాం. హైదరాబాదు ప్రాంతానికంతటికీ పాస్‌పోర్టు ఇచ్చే కార్యాలయం సికింద్రాబాదు కుమ్మరిగూడలో ఉంది. వృత్తి పేరుతోనే ఏర్పడిన ఆ గూడెంలోని కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకునే వందలమంది రోజూ సర్‌నేమ్ అన్న గడి ముందు ఆగుతారు. కొందరు ఇంటిపేరు విడదీసి రాస్తారు, కొందరు రావు, రెడ్డి అని రాస్తారు, పొడి అక్షరం ఒక్కటే ఉన్నవాళ్ళు గడి ఖాళీగా వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్ళకి అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిగి, ముందుపేరు చోట 'తెలియదు' అనే అర్థం వచ్చే ఎఫ్‌.ఎన్‌.యు. అక్షరాలు పడతాయి. వాళ్ళ పిల్లలకి అమెరికాలో ఏది ఇంటిపేరుగా స్థిరపడుతుందో ఆ ఒక్క గడి తేల్చేస్తుంది. ట్రెంట్ మహాసభ తరవాత ఇటలీ చర్చి పుస్తకాల్లో జరిగింది ఇప్పుడు ఇక్కడ జరుగుతోంది.

ఇక్కడినుంచి లెక్కల్లోకి వెళదాం. కొన్ని ఇంటిపేర్లు ఎందుకు విస్తరిస్తాయి, కొన్ని ఎందుకు అంతరిస్తాయి? 1873లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ ప్రశ్నని ఒక పత్రికలో లెక్కగా ఇచ్చాడు. గొప్పగొప్ప కుటుంబాల పేర్లు మాయమైపోతున్నాయి, ఇది వాళ్ళ లోపమా, కేవలం అదృష్టమా అని ఆయన సందేహం. హెన్రీ విలియం వాట్సన్ అనే మతాచార్యుడు, గణితజ్ఞుడు దానికి దారి చూపించాడు.

ఆ లెక్క మనమూ చేయవచ్చు. వెయ్యి ఇళ్ళు, వెయ్యి ఇంటిపేర్లు అనుకోండి. ప్రతి మగవాడికీ కొడుకులు లేకపోవడానికి నాలుగో వంతు అవకాశం, ఒక్క కొడుకు ఉండటానికి సగం, ఇద్దరు కొడుకులుండటానికి నాలుగో వంతు. సగటున మనిషికి ఒక కొడుకు, కాబట్టి జనాభా పెరగదు, తరగదు. మొదటి తరం గడిచేసరికి 250 ఇంటిపేర్లు పోతాయి. రెండో తరానికి మొత్తం 390, మూడో తరానికి 483, నాలుగో తరానికి 550 పోతాయి. అంటే నూరేళ్ళు గడిచేసరికి ఊళ్ళో మనుషుల సంఖ్య అంతే ఉంటుంది గాని, సగానికి పైగా ఇంటిపేర్లు ఉండవు. ఎవరికీ ఏ లోపమూ లేదు, అందరి అవకాశాలూ సమానమే. ఆ ఖాళీని నింపేది మిగిలిన కొద్ది పేర్లు. కూతుళ్ళు ఎంతమంది పుట్టినా ఈ లెక్కలోకి రారని గమనించండి. కూతురి బిడ్డ రక్తంలో తాత ఉన్నాడు, ఆ బిడ్డ పేరులో లేడు.

ఇంటిపేర్లు వేల ఏళ్ళకిందటే స్థిరపడ్డ చైనాలో ఈ వడపోత చాలాకాలం నడిచింది. అందుకే ఒక్క వాంగ్ ఇంటిపేరుతోనే దాదాపు 10 కోట్లమంది ఉన్నారు. కొరియాలో అయిదుగురిలో ఒకరు కిమ్. ఇటలీలోనూ తెలుగునాట కూడా పేర్లు స్థిరపడి అంతకాలం కాలేదు, పైగా ఊళ్ళు వేలకొద్దీ ఉన్నాయి. కనుక వైవిధ్యం ఇంకా నిలిచి ఉంది. మనవాళ్ళు ఈ అంతరించే గండాన్ని లెక్క కట్టకుండానే పసిగట్టారు. దత్తత తీసుకోవడం, అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకోవడం ఈ గండానికి వేసిన అడ్డుకట్టలే.

వాట్సన్ లెక్కలో ఒక పొరపాటు దొర్లింది. జనాభా పెరుగుతున్నా ఇంటిపేర్లన్నీ అంతరిస్తాయని తేల్చాడు, అది నిజం కాదు. 1927లో జె.బి.ఎస్.హాల్డేన్ అదే లెక్కని ఇంటిపేర్లకి కాక జన్యువులకి వాడాడు. కొత్తగా పుట్టిన ఒక జన్యుమార్పు నిలుస్తుందా, పోతుందా అన్నది ఇంటిపేరు నిలుస్తుందా, పోతుందా అన్నదానితో సమానమని ఆయన చూశాడు. ఆ హాల్డేనే 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన దగ్గర చదువుకున్న పిఠాపురం అబ్బాయి ద్రోణంరాజు కృష్ణారావు. ఈయనా పి.మీరాఖానూ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి చుట్టాల మధ్య జరిగే పెళ్ళిళ్ళ మీద 1963లో పరిశోధనపత్రం వెలువరించారు. మేనరికాలు, అక్కకూతుర్ని చేసుకోవడం ఇంత ఎక్కువగా ఉన్న సమాజాలు ప్రపంచంలో అరుదని శాస్త్రలోకానికి తెలియజెప్పినవాటిలో ఆ పని ముఖ్యమైనది.

ఇంటిపేరు మనల్ని తప్పుదారి పట్టించేది సరిగ్గా ఇక్కడే. ఛార్లెస్ డార్విన్ మేనమామ కూతుర్ని చేసుకున్నాడు. ఆయన కొడుకు జార్జ్ డార్విన్ 1875లో, ఇంగ్లండులో ఇలాంటి పెళ్ళిళ్ళు ఎన్ని అని లెక్క కట్టడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. వధూవరులిద్దరికీ పెళ్ళికి ముందే ఒకే ఇంటిపేరు ఉన్న జంటలెన్నో చూడటమే ఆ ఉపాయం. తొంభై ఏళ్ళ తరవాత, 1965లో, క్రో, మాంజ్ అనే ఇద్దరు జన్యుశాస్త్రవేత్తలు దానికి పూర్తి గణితరూపం ఇచ్చారు. ఐరోపాలో అది పనికొచ్చింది. ఇటలీలో అయితే ఇంకా మంచి వనరు దొరికింది. చుట్టాల మధ్య పెళ్ళికి కేథలిక్ చర్చి అనుమతి కావాలి, ఆ అనుమతి పత్రాలు శతాబ్దాలుగా భద్రంగా ఉన్నాయి. 1950ల్లో లుయీజీ లూకా కవల్లీ-స్ఫోర్జా అనే జన్యుశాస్త్రవేత్త, ఆంటోనియో మొరోనీ అనే ఫాదర్‌తో చేతులు కలిపి పార్మా లోయలోని ఊళ్ళ చర్చి పుస్తకాలూ, ఆ ఊళ్ళ మనుషుల రక్తం గ్రూపులూ కలిపి చదివారు. కొండ మీది చిన్నచిన్న ఊళ్ళ మధ్య తేడాలు ఎక్కువగా, మైదానంలోని పెద్ద ఊళ్ళ మధ్య తక్కువగా తేలాయి. చిన్న ఊళ్ళో అదృష్టానిదే పెత్తనమని, ఇంటిపేర్ల లెక్క చెప్పినట్టే జన్యువులూ నడుస్తాయని రుజువైంది.

అదే జార్జ్ డార్విన్ కొలబద్దని పట్టుకుని తెలుగునాటకి వస్తే ఏమవుతుంది? సున్న వస్తుంది. మనకి ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం ఉన్నవాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస. పెళ్ళి మాటే లేదు. ఆ కొలబద్ద ప్రకారం తెలుగువారిలో చుట్టాల పెళ్ళిళ్ళే లేవు, నిజానికి అవి ప్రపంచంలోనే ఎక్కువగా ఉన్న చోట్లలో ఇదొకటి.

కారణం చూద్దాం. మనిషికి తల్లిదండ్రుల తోబుట్టువుల పిల్లల వరసలు నాలుగు: బాబాయి-పెదనాన్నల పిల్లలు, మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు, పిన్ని-పెద్దమ్మల పిల్లలు. మన ఆచారం మొదటివాళ్ళనీ చివరివాళ్ళనీ తోబుట్టువులంది, మధ్యలో రెండు వరసలవాళ్ళనీ బావామరదళ్ళంది. ఇంటిపేరు కలిసేది మొదటి వరసలోనే. కాని కణంలోని జన్యువులకి ఈ వరసలు తెలియవు. నాలుగు వరసల్లో ఎవరితోనైనా మనకి సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడే. చిన్నాన్న కూతురు ఎంత దగ్గరో మేనమామ కూతురూ అంతే దగ్గర. అక్కకూతురు మరీ దగ్గర, నాలుగో వంతు ఉమ్మడి.

బిడ్డ వైపు నుంచి చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. దాదాపు ప్రతి జన్యువుకీ మనలో రెండు ప్రతులుంటాయి, ఒకటి తండ్రి ఇచ్చినది, ఒకటి తల్లి ఇచ్చినది. ఒక ప్రతి చెడినా రెండోది పని నడిపిస్తుంది గనుక చాలా లోపాలు బయటపడకుండా తరాలు దాటిపోతాయి. మేనరికం చేసుకున్నవాళ్ళ బిడ్డకి, ఏ జన్యువు తీసుకున్నా, ఆ రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి దిగివచ్చే అవకాశం 16లో 1. అక్కకూతుర్ని చేసుకున్నవాళ్ళ బిడ్డకి 8లో 1. ఆ పూర్వీకుడిలో దాగిన లోపం ఏదైనా ఉంటే అది ఇక్కడ రెండువైపుల నుంచీ వచ్చి బయటపడుతుంది. తలసీమియా లాంటి రక్తవ్యాధులు, పుట్టుకతో వచ్చే చెవుడులో కొన్ని రకాలు ఇలాగే వస్తాయి. మేనరికాలన్నిటా పిల్లలకి జబ్బులు వస్తాయని కాదు, ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. కాని డాక్టరు 'మీరిద్దరూ చుట్టాలా?' అని అడిగినప్పుడు 'లేదండీ, ఇంటిపేర్లు వేరు' అని జవాబు చెప్పి నిశ్చింతగా ఉండటం మాత్రం సరికాదు. ఇంటిపేరు వేరు కావడం మేనరికానికి మొదటి షరతు, అంతేగాని చుట్టరికం లేదని రుజువు కాదు.

ఇంటిపేరు రక్తంలో ఎంతని చెబుతుందో ఇంకోలా లెక్కపెట్టవచ్చు. పది తరాలు వెనక్కి వెళితే మనకి 1024 పూర్వీకుల స్థానాలుంటాయి. మన ఇంటిపేరు అందులో ఒక్కరిది. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్ళే వై క్రోమోజోము దారి. 2000లో బ్రయన్ సైక్స్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండులో తన ఇంటిపేరే ఉన్న మగవాళ్ళని పరీక్షిస్తే, సగానికి దగ్గరగా ఉన్నవాళ్ళలో ఒకే రకం వై క్రోమోజోము దొరికింది. మనదగ్గర ఆ ఆశ పెట్టుకోలేం. ఒక ఊరు వదిలివచ్చిన బ్రాహ్మణులూ, కమ్మలూ, పద్మశాలీలూ, మాదిగలూ అందరూ అదే ఊరిపేరుని ఇంటిపేరు చేసుకుని ఉండవచ్చు. ఇద్దరు ఎస్పోజిటోల మధ్య చుట్టరికం ఎంత లేదో, ఒకే ఇంటిపేరున్న వేరువేరు కులాలవాళ్ళ మధ్యా అంతే లేదు. పైగా దత్తతలూ ఇల్లరికాలూ ఉండనే ఉన్నాయి. అయినా ఒకే ఊరి నేల తొక్కినవాళ్ళమని ఆ పేరు చెబుతోంది. కులం గోడలు కట్టినచోట ఇది చిన్న మాట కాదని నా నమ్మకం.

జన్యువుల్లో నిజంగా ముద్ర వేసింది ఇంటిపేరు కాదు, కులం లోపలే చేసుకునే పెళ్ళి. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధనాకేంద్రం సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు లాల్జీసింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో ఆంధ్ర వైశ్యుల ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. రెండు మూడు వేల ఏళ్ళ కిందటి ఒక చిన్న మూలసమూహం నుంచి, బయటివాళ్ళతో దాదాపు కలవకుండా, వాళ్ళు పెరుగుతూ వచ్చారు. ఆ సమూహంలో ఒకరిద్దరికి ఉన్న లోపం ఇప్పుడు లక్షలమందిలో పంచబడి ఉంది. బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం వాళ్ళలో మిగతావాళ్ళకంటె దాదాపు నూరురెట్లు ఎక్కువ. మామూలు రోజుల్లో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ బల్ల మీద కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే మాత్రం, నిమిషాల్లో దిగిపోవలసిన ఆ మందు గంటలు గడిచినా దిగదు, ఊపిరి తనంతట తాను ఆడదు. సంగతి ముందే తెలిస్తే మత్తుడాక్టరు వేరే మందు వాడతాడు, ప్రమాదమే ఉండదు. గోత్రాలు ఎన్ని చూసుకున్నా, ఇంటిపేర్లు ఎంత వేరైనా ఈ లోపం కొనసాగిందంటే, మనం చూసుకుంటున్నది తండ్రుల వరసని మాత్రమే.

అందుకే జన్యు సలహా ఇచ్చే డాక్టర్లు వంశవృక్షం గీసేటప్పుడు అడగవలసిన ప్రశ్న మీ ఇంటిపేరేమిటి అన్నది ఒక్కటే కాదు. మీ అమ్మ పుట్టింటివారెవరు, ఏ ఊరు? ఆమె అమ్మ పుట్టింటివారు? మీ నాన్న తల్లి ఏ ఇంటి ఆడపడుచు? మేనరికం చేసుకున్న ఇంట్లో ఈ గీతలు గీస్తూ పోతే బిడ్డకి ఎనిమిదిమంది ముత్తాతలు, ముత్తవ్వలు ఉండవలసిన వరసలో ఆరుగురే తేలతారు. చాలా ఇళ్ళలో నాయనమ్మ పుట్టింటిపేరు చెప్పగలిగినవాళ్ళు ఒక్కరో ఇద్దరో ఉంటారు, వాళ్ళకి ఎనభై దాటి ఉంటాయి. ఈసారి పెళ్ళిలో వాళ్ళు కనిపిస్తే ఆ పేర్లూ ఆ ఊళ్ళూ పొడి అక్షరాలతో కాక పూర్తిగా రాసి పెట్టుకోండి.